కుటుంబ సమేతంగా

యాత్రాకథనాల్లో నన్ను ఎప్పుడూ ఆపేసే మాట ఒకటుంది: ‘కుటుంబ సమేతంగా’. పాతతరం మగవాళ్లు భార్యని ‘మా కుటుంబం’ అనేవారు. ఆ వాడుక పోయింది గానీ దాని వ్యాకరణం పోలేదు. ప్రయాణం చేసేది ఆయన, సమేతం ఆమె. విచిత్రమేమిటంటే ఆమె తానే కలం పట్టినప్పుడు కూడా ఇది పెద్దగా మారదు. ‘మేము బయల్దేరాం, మేము చూశాం, మాకెంతో ఆనందం కలిగింది’ అంటుంది. పేజీలు తిరగేస్తూ పోతే ‘నేను’ ఎక్కడో ఒకచోట, అదీ కాళ్లు నొప్పులు పుట్టిన దగ్గరో సామాను సర్దిన దగ్గరో తగులుతుంది.

హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో మల్లేపల్లి దాటాక పెద్దవూర వస్తుంది. ఈ ఊరి మీదుగా సాగర్ చూడబోయిన కుటుంబాల లెక్క ఎవరూ తీయలేదు. స్కూలు పిల్లల బస్సులు, ఆదివారం జీపులు, పెళ్లయిన నెలకే బయల్దేరిన జంటలు. ఆ ప్రయాణానికి చాలాకాలంగా ఒకటే పాఠం. డ్యాం, ఇరవయ్యారు గేట్లు, లాంచీ, నాగార్జునకొండ మ్యూజియం, టైముంటే ఎత్తిపోతల. సెలవుల తర్వాత బళ్లో పిల్లలు రాసే వ్యాసం నుంచి పత్రికల్లో వచ్చే యాత్రాకథనం దాకా వరస ఇదే. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాకెత్తి, చంటిదాని బట్టలు సర్దిన మనిషి లాంచీలో కూచోగానే నిద్రపోతే ఆ నిద్ర ఏ కథనంలోకీ రాదు. మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలీక పొద్దుటినుంచి మంచినీళ్లు ముట్టని ఆడవాళ్లు అంత పెద్ద జలాశయం ముందు నిలబడి ఫొటో దిగుతారు. దీన్ని మించిన యాత్రానుభవం ఇంకేముంటుంది? కానీ రాస్తే చిన్నతనం అనుకుంటాం. వర్ణనకి కృష్ణమ్మ కావాలి, దాహం పనికిరాదు.

చెప్పిన కథనే చెప్పే ఈ పద్ధతి గైడు దగ్గర మొదలవుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదలడం, 124 మీటర్ల ఎత్తు. ఈ వివరాల్లో తప్పేమీ లేదు. అయితే ఇది రాతికట్టు డ్యాం. యంత్రాల కంటే మనుషుల మీదే ఎక్కువ ఆధారపడి కట్టినది. తట్టల్లో రాయీ సున్నమూ సిమెంటూ నెత్తినెత్తుకుని సారువల మీద ఎక్కిన వాళ్లలో ఆడవాళ్లున్నారు. అప్పటి ఫొటోల్లో కనిపిస్తారు. మాటల్లో మాత్రం ‘వేలాది కూలీలు’. తెలుగులో ‘కూలీలు’ అన్న మాటకి లింగం లేకపోవడం ఇక్కడ ఎవరికి ఉపయోగపడిందో ఆలోచించండి.

ఇక నీళ్ల కింద ఉన్నది ఇక్ష్వాకుల విజయపురి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, కొన్ని కట్టడాల్ని కొండమీదికీ కొన్నిటిని అనుపుకీ తరలించారు. ఈ లోయలో దొరికిన ప్రాకృత శాసనాలు చదివితే ఎవరికైనా ముందు కొట్టొచ్చినట్టు కనిపించేవి స్త్రీల పేర్లు. మహాచైత్యానికి దాత చాంతిసిరి, రాజు చాంతమూలుడి చెల్లెలు. భటిదేవ, కొడబలిసిరి విహారాలు కట్టించారు. రాజుగారి ఘనత చెప్పాల్సినచోట అశ్వమేధం వస్తుంది. బౌద్ధ కట్టడాల దగ్గరికొచ్చేసరికి ఖర్చుపెట్టింది ఎక్కువగా ఆడవాళ్లు. చరిత్ర పుస్తకాలు దీన్ని ‘అంతఃపుర స్త్రీల భక్తి’ అని ఒక వాక్యంతో సరిపెడతాయి. మగవాడు కట్టిస్తే రాజనీతి, ఆడది కట్టిస్తే భక్తి!

నన్ను ఎక్కువగా పట్టుకున్నది రాణులు కాదు, బోధిసిరి. ఈమె ఉపాసిక. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట చులధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, సింహళం నుంచి వచ్చిన ఆచార్యులకి అంకితమిచ్చింది. ఆ శాసనాన్ని యాత్రాకథనంగా చదవొచ్చని నాకనిపిస్తుంది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ అంటూ ఆ ఆచార్యులు ధర్మం పంచిన దేశాలు ముందు వస్తాయి. తర్వాత ఆమె చేసిన పనుల జాబితా. సీహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం, పువసేలలో తటాకమూ మండపమూ, కంటకసేలలో, అంటే ఇవాళ్టి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర మండపం. ఇంకా పాపిల, పుప్ఫగిరి. ఊరుపేరు, అక్కడ ఏం చేసిందీ, అంతే. వర్ణన లేదు. ఇవన్నీ ఆమె స్వయంగా వెళ్లి చూసిందని శాసనం చెప్పదు. ఆమె మనసులో ఉన్న దేశపటం ఎంతదో మాత్రం చెబుతుంది.

ఇదీ కుటుంబ సమేతమే. తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అవ్వా తాతా, మేనమామలు, కూతురు, కొడుకులు, కోడళ్లు, అందర్నీ పేరుపేరునా పుణ్యంలో కలుపుకుంది. తేడా ఎక్కడంటే కర్త ఆమె, సమేతం వాళ్లు. భర్త బుధింనకుడు కూడా ఆ వరసలోనే ఉన్నాడు. బోధిసిరి డబ్బున్న ఇంటి మనిషి అనీ, ఆ మండపాల రాళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు ఆ శాసనంలోనూ లేవనీ ఎవరైనా అంటే కాదనలేను. అది ఆ శాసనం హద్దు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి హద్దుని మనం ఇంకా దాటలేదన్నదే నా ఫిర్యాదు.

పెద్దవూర మీదుగా సాగర్ చూసొచ్చిన కుటుంబాలే ఇప్పుడు పిల్లల ఉద్యోగాల పుణ్యమా అని డబ్లిన్ వెళ్తున్నాయి. రాతల్లో వరస మళ్లీ అదే. ట్రినిటీ కాలేజి, డబ్లిన్ కాజిల్, పచ్చిక బయళ్లు, గొర్రెలు, 214 మీటర్ల మోహర్ కొండచరియలు. ఆ కాజిల్ కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు 1913లో జైలుకెళ్లిన ఓటుహక్కు కార్యకర్త మార్గరెట్ కజిన్స్ 1915లో మన దేశానికొచ్చి మదనపల్లెలో ఉంది. 1919లో టాగూర్ ‘జనగణమన’కి అక్కడే స్వరలిపి సిద్ధం చేసింది. తెలుగు యాత్రికురాలికి ఇంతకంటే దగ్గరి చుట్టం ఐర్లండులో ఎవరుంటారు? మోహర్‌కి వెళ్లేవాళ్లు చాలామంది గాల్వే మీదుగా వెళ్తారు. బెళగావి కుటుంబానికి చెందిన సవితా హలప్పనవర్, ముప్పై ఒక్కేళ్ల దంతవైద్యురాలు, గర్భస్రావం తప్పదని తెలిశాక కూడా అబార్షన్ నిరాకరించడంతో 2012 అక్టోబరు 28న ఆ ఊరి ఆస్పత్రిలోనే చనిపోయింది. ఆ మరణం కదిలించిన దేశం 2018 మే 25న ఓటేసి రాజ్యాంగంలోని ఎనిమిదో సవరణని తీసేసింది. కూతురి కాన్పుకని గంపెడు పచ్చళ్లతో ఐర్లండు వెళ్లే తల్లి ఈ ఊరి గురించి రాస్తూ సముద్రపు గాలి దగ్గరే ఆగిపోతే అది ఆమె అజ్ఞానమని నేననను. యాత్రాకథనమంటే ఏమిటో మనం ఆమెకి నేర్పిన తీరు అది.

1870ల్లో ఇంగ్లండు వెళ్లొచ్చి, చూసింది తెలుగులో రాసి, 1876లో ఇంగ్లీషు పుస్తకంగా కూడా వేసిన పోతం జానకమ్మని మన సాహిత్య చరిత్రలు చాలాకాలం పట్టించుకోలేదు. వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ పాఠ్యాంశమైంది. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ పేరైనా మిగిలింది. విశ్వవిద్యాలయాల్లో యాత్రాసాహిత్యం మీద పరిశోధన చేయించే మిత్రులని నేనడిగేది ఒకటే. సిద్ధాంత గ్రంథంలో ‘వర్ణనలు’ అనే అధ్యాయం తగ్గించి, వంట ఎవరు చేశారు, టికెట్టు డబ్బులు ఎవరివి, ఎక్కడ ఆగాలో ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్నలకి ఒక అధ్యాయం ఇవ్వండి. అచ్చయిన పుస్తకాలు చాలవు. సాగర్ చూసొచ్చిన అమ్మల్నీ అత్తల్నీ కూచోబెట్టి అడగాలి. లాంచీలో నిద్రపోయానని వాళ్లే చెబుతారు.