స్పానిష్ ‘దె’కు తెలుగు ‘యొక్క’ సరిపోతుందా?

బ్రిటన్‌లో 2019లో ఎ-లెవెల్ పరీక్షకు స్పానిష్ తీసుకున్న విద్యార్థుల సంఖ్య ఫ్రెంచి విద్యార్థుల సంఖ్యను మించింది. ఇక్కడి తెలుగు ఇళ్ళ పిల్లలకు ఆ భాష ఇంగ్లీషు మీదుగా అందుతుంది. స్పానిష్ సాహిత్యం తెలుగు పాఠకుడికి చేరేది కూడా సాధారణంగా ఆ దారినే. ఈ ప్రయాణంలో ఎక్కువగా దెబ్బతినేది నామవాచకాన్ని వర్ణించే పదబంధం.

స్పానిష్‌లో నామవాచకం ముందుంటుంది. దాని వర్ణన ‘దె’, ‘కోన్’, ‘ఎన్’, ‘పారా’ వంటి చిన్న మాటను పట్టుకొని వెనక వస్తుంది. ‘మేసా దె మదేరా’ అంటే చెక్కబల్ల; ‘కఫే కోన్ లేచే’ అంటే పాలు కలిపిన కాఫీ. ‘కోన్’ అంటే ‘తో’ అనీ, ‘ఎన్’ అంటే ‘లో’ అనీ పట్టిక రాసుకోవచ్చు. అర్థం కుదురుతుంది గాని నిర్మాణం కుదరదు. తెలుగులో ‘తో’, ‘లో’, ‘నుంచి’ చేరిన పదం సాధారణంగా క్రియ కోసం ఎదురుచూస్తుంది. ‘నాన్నతో గొడవ’, ‘ఊరికి ప్రయాణం’ చెల్లుతున్నాయంటే ఆ నామవాచకాల్లోనే క్రియ దాగి ఉంది. ‘పాలతో కాఫీ’కి ఆ వెసులుబాటు లేదు, ‘కలిపిన’ అనాలి. లేదంటే ‘లోని’, ‘మీది’ వంటి రూపమో సమాసమో కావాలి.

ఈ శ్రమ తప్పించుకోవడానికి అనువాదకులు పట్టుకునే ఊతకర్ర ‘యొక్క’. నిజానికి తెలుగులో షష్ఠీ సంబంధానికి అంతకన్నా సహజమైన సాధనం ఔపవిభక్తికం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన ఇ, టి, తి వర్ణకాలవి: కాలు–కాలి, ఇల్లు–ఇంటి, నేయి–నేతి. కందుకూరు అన్న ఊరిపేరు ‘కందుకూరి’ అయి వీరేశలింగం ముందు నిలిచింది ఈ పద్ధతిలోనే. 1605లో వచ్చిన సెర్వాంతెస్ నవలలో ‘దోన్ కిహోతే దె లా మాంచా’ అన్న పేరును గమనించండి. అమదీస్ దె గౌలా అనే వీరుణ్ణి అనుకరిస్తూ, ఆ పేద పెద్దమనిషి సొంత ప్రాంతాన్ని తానే తన పేరుకు తగిలించుకున్నాడు. ‘లా మాంచా యొక్క కిహోతే’ అంటే ఆ హాస్యం మాయమవుతుంది. ఇంటిపేరులా ‘మాంచా వారి కిహోతే’ అంటే ఆ డాబు కొంతైనా దక్కుతుంది.

మార్కేస్ 1985 నవల శీర్షిక ‘ఎల్ అమోర్ ఎన్ లోస్ తియెంపోస్ దెల్ కోలెరా’ ఇంకా చిక్కైనది. ‘తియెంపోస్’ బహువచనం, 1988లో ఈడిత్ గ్రాస్‌మన్ ఇంగ్లీషులో దాన్ని ఏకవచనం చేశారు. ‘కోలెరా’ పుంలింగమైతే జబ్బు, స్త్రీలింగమైతే కోపం. ‘దెల్’లో ఇమిడిన పుంలింగం జబ్బునే నిర్ధారిస్తుంది, అయినా కోపం ఛాయ చెవిలో మిగిలే ఉంటుంది. కథలో ఫ్లోరెంతినో ప్రేమలక్షణాలు కలరా లక్షణాల్లాగే కనిపిస్తాయి. ‘కలరా కాలపు ప్రేమ’ అన్న సమాసం ఆ ప్రేమను ఒక యుగానికి కట్టివేస్తుంది; కథలో అది అర్ధశతాబ్దం దాటి నిలిచినది. ‘కలరా రోజుల్లో ప్రేమ’ వాక్యంగా అసంపూర్ణమే. కాని శీర్షికకు ఆ లోటు చెల్లుతుంది, ఈ కథకు నప్పుతుంది కూడా. ‘కరువు రోజుల్లో’ అనే మన వాడుక స్పానిష్ బహువచనాన్ని ఇంగ్లీషుకన్నా దగ్గరగా పట్టుకుంటుంది. ఇంగ్లీషు మీదుగా మాత్రమే చూసే అనువాదకుడికి ఈ అవకాశం కనబడదు.

ఇది సాహిత్యానికే పరిమితం కాదు. వైద్యుడిగా నాకు ఈ తేడా రోజువారీ విషయం. స్పానిష్‌లో తలనొప్పి ‘దొలోర్ దె కబేసా’. ఛాతీలో నొప్పి ‘దొలోర్ ఎన్ ఎల్ పేచో’. తెలుగులో ‘గుండెల్లో నొప్పి’ ఒక లక్షణం. ‘గుండెనొప్పి’ వాడుకలో గుండెపోటు. విభక్తి పోయి సమాసం ఏర్పడగానే లక్షణం కాస్తా జబ్బయింది. బ్రిటన్ ఆసుపత్రిలో తెలుగు పెద్దావిడ మాటను ఇంగ్లీషులోకి మార్చేవారు ఆ ‘ల్లో’ను వింటున్నారా లేదా అన్నదాన్ని బట్టి, ఆమెకు ఇప్పుడు నొప్పి ఉందని రాస్తారో, మునుపెప్పుడో గుండెపోటు వచ్చిందని రాస్తారో తేలుతుంది. మరోవైపు దగ్గు మందు దగ్గును తగ్గిస్తుంది, నిద్రమందు నిద్రను తెస్తుంది, ఎలుకల మందు ఎలుకలను చంపుతుంది. ఈ మూడు సంబంధాలనూ తెలుగు సమాసం పైకి చెప్పదు; లోకజ్ఞానానికి వదిలేస్తుంది.

కాబట్టి ‘దె’కు తెలుగులో ఒకే సమానార్థకాన్ని వెతకడం దండగ. రెండు నామవాచకాల మధ్య ఉన్న సంబంధమేమిటో ముందు తేల్చుకోవాలి. ఆ తరువాత ఔపవిభక్తికమో, సమాసమో, క్రియాజన్య విశేషణమో ఎంచుకోవాలి. ‘యొక్క’ రాసిన ప్రతిచోటా ఆ ఆలోచన జరిగిందా అని అనువాదకుడు తనను తాను ప్రశ్నించుకోవాలి.