చేతికి అందని ట్రిగ్గర్: లోపం చేతిదా, కొలతదా?

ఒక యంత్రం మంచిచెడులు తేల్చేటప్పుడు మనం దాని బలాన్ని, వేగాన్ని, మన్నికను చూస్తాం. అది ఎవరి చేతిలో ఇముడుతుందన్న ప్రశ్న వేయం. ఈ ప్రశ్నను పక్కన పెడితే ఏమవుతుందో ఒక పిస్టల్ చరిత్ర చెబుతుంది.

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఎం1911 పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో స్వీకరించింది. దాని ట్రిగ్గర్ పొడవైనది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత, చిన్న చేతులవారి వేలు ట్రిగ్గర్‌కు సరిగా అందడం లేదని తేలింది. 1920లలో వచ్చిన ఎం1911ఏ1 నమూనాలో ట్రిగ్గర్‌ను పొట్టి చేశారు. దాని వెనుక చట్రాన్ని ఇరువైపులా కాస్త చెక్కారు. చిన్న చేతుల సమస్య తీరింది. కాని పెద్ద చేతులవారికి కొత్త సమస్య మొదలైంది! అందుకే పొడవైన ట్రిగ్గర్లు తరువాతి కాలంలో విడిభాగాలుగా అమ్ముడవుతూ వచ్చాయి.

ఇందులో విజ్ఞానం ఏముంది? పిడి వెనుక భాగం నుండి ట్రిగ్గర్ ముఖం వరకు ఉన్న దూరమే ఇక్కడ అసలు కొలత. చూపుడు వేలి కొస మెత్త ట్రిగ్గర్‌పై ఆనితే దాన్ని తిన్నగా వెనక్కు లాగడం సులువు. దూరం తక్కువైతే పొడవాటి వేలు కణుపు దాటి లోపలికి పోతుంది. అప్పుడు బలంలో కొంత పక్కకు మళ్ళి గొట్టాన్ని తిప్పుతుంది. గొట్టం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 25 మీటర్ల దూరంలో గురి సుమారు 44 సెంటీమీటర్లు తప్పుతుంది. త్రికోణమితి తెలిసిన విద్యార్థులు ఈ లెక్క తామే వేసి చూడవచ్చు.

పొడవైన ట్రిగ్గర్‌కు ఒక మంచి గుణం ఉంది. చాలా పిస్టళ్ళలో ట్రిగ్గర్ ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. వేలు ఇరుసుకు ఎంత దూరంలో ఆనిందన్న దాన్నిబట్టి లాగడానికి కావలసిన బలం మారుతుంది. ఎం1911లో అలా కాదు. ట్రిగ్గర్ బల్ల సొరుగులా తిన్నగా వెనక్కు జరుగుతుంది. కనుక ముఖాన్ని ముందుకు పెంచినా మీట సూత్రం ప్రకారం బలం మారదు. అయితే బరువు పెరగకూడదు. పైభాగం దూసుకొచ్చి మూసుకున్నప్పుడు పిస్టల్ ముందుకు కుదుపుకు లోనవుతుంది. బరువైన ట్రిగ్గర్ జడత్వం వల్ల వెనకబడి, లోపలి మీటను తాకవచ్చు. అందుకే ఈ భాగాలను తరచు అల్యూమినియంతో చేసి రంధ్రాలు పెడతారు. ఆ రంధ్రాలు అలంకారం మాత్రమే కావు.

లోపాలూ ఉన్నాయి. పెద్ద చేతికి సాధారణంగా లావైన వేళ్ళుంటాయి. ట్రిగ్గర్ ముందుకొస్తే రక్షక వలయంలో వేలికి చోటు తగ్గుతుంది. పైగా పిడి వెనుక పలక ఉబ్బెత్తుగా ఉందా, చదునుగా ఉందా అన్నది కూడా దూరాన్ని మారుస్తుంది. పొట్టి, మధ్యరకం, పొడవు అన్న మూడు పేర్లు చూసి కొనేవారు ఈ సంగతి గమనించరు. కొత్త ట్రిగ్గర్‌ను గాడిలో ఎక్కడా పట్టకుండా జరిగేలా ఆకురాయితో సరిచేయవలసి రావచ్చు. ఇది నిపుణుడి పని. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతు వృత్తికి లైసెన్సు తప్పనిసరి.

ఇంతకూ అసలు తప్పు ఎక్కడుంది? అందరికీ ఒకే కొలత చాలునన్న నమ్మకంలో ఉంది. ఈ నమ్మకాన్ని గిల్బర్ట్ డేనియల్స్ అమెరికా వైమానిక దళంలో పరీక్షించాడు. 4,063 మంది శరీర కొలతల్లో పదింటిని పరిశీలించాడు. పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ లేడని 1952 నివేదికలో చూపాడు. సగటు మనిషి లెక్కల్లోనే ఉంటాడు, లోకంలో ఉండడు.

పోటీ పిస్టళ్ళ తయారీదారులు ఈ పాఠం నేర్చుకున్నారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును తట్టుకోవాలని నియమం. దాని స్థానాన్ని మాత్రం మర సడలించి ముందుకు, వెనక్కు జరుపుకోవచ్చు. భద్రతను నియమం చూసుకుంటుంది, దూరాన్ని చేయి నిర్ణయిస్తుంది. ఎం1911లో విడిభాగం కొని చేయవలసిన పనిని ఇక్కడ రూపకర్త ముందే చేసిపెట్టాడు. ఇదే మెరుగైన పద్ధతి.

రేపు ఇంజనీర్లు కాబోయే విద్యార్థులు ఏ పనిముట్టును గీసినా, దాన్ని పట్టుకునే చేతులను ముందుగా కొలవాలి. ఒక్క చేతిని కొలిస్తే చాలదు.