రాయి ఎత్తినచోటే చుక్క

మా కృష్ణపట్నంలో జెర్రిని వెతుకుదామంటే ఎత్తడానికి రాయి దొరకదు. అంతా ఇసుక నేల. సరుగుడు తోటలో రాలిన ఆకు కింద, తాటిమొద్దు కింద, దొడ్లో పోగేసిన కొబ్బరి మట్టల కింద చూసుకోవాలి. రాళ్ల కింద వెతకాలంటే పడమరగా పోయి వెలికొండలు ఎక్కాల్సిందే. పెంచలకోన దగ్గర కొండ అంచున ఒక మేకల కాపరి నా వాలకం కాసేపు చూసి, "ఏంది సామీ, నిధులకా?" అన్నాడు. జెర్రుల కోసమన్నాను. నిధులంటేనే నమ్మేవాడేమో.

రాయి ఎత్తడానికో పద్ధతి ఉంది. అవతలి అంచు పట్టుకుని మన వైపుకు లేపాలి. అప్పుడు రాయే మనకు అడ్డు, లోపలున్నది అవతలికి పారిపోతుంది. దొరికిన రెండు క్షణాల్లోనే రంగు, కాళ్లు చూసుకోవాలి. నూరు కాళ్లంటాం గానీ మన పెద్ద జెర్రులకు సాధారణంగా 21 జతలే. ఏ జాతి పెద్ద జెర్రిని లెక్కపెట్టినా జతలు బేసి సంఖ్యలోనే వస్తాయి. కుట్టేది నోటితో కాదు, తల కింద విషపు కోరలుగా మారిన మొదటి జత కాళ్లతో.

ఒక్కోసారి అది కదలదు. అలాగైతే అది గుడ్లను చుట్టుకుని పడుకున్న తల్లి. లేత పసుపు గుడ్ల ముద్దను కాళ్ల మధ్య పొదువుకుని, బూజు పట్టకుండా నాకుతూ, పిల్లలు తిరగ్గలిగేదాకా తిండి మానేసి కూర్చుంటుంది. బెదిరిపోతే గుడ్లను వదిలేస్తుంది, లేదా తినేస్తుంది. అప్పుడిక చేయాల్సింది రాయి మెల్లగా దించడమే, అదీ ఏ గుంటలో ఉన్నదాన్ని ఆ గుంటలోనే. పక్కకు జరిగి సందు పడితే కింది తడి ఎండకు ఆరిపోతుంది.

జెర్రి బతుకంతా ఆ తడి మీదే. పురుగులకు ఒంటి మీద తేమను ఆపే మైనపు పూత ఉంటుంది, దీనికి అది అంతంతమాత్రం. పెద్ద జెర్రులకు ఊపిరి రంధ్రాలు మూసుకునే వీలు కూడా లేదు. అందుకే వాటికి పగలు రాయి కింద, రాత్రి బయట. మా వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. పశ్చిమ కనుమల్లో జూన్, జులైల్లో తిరిగిన అలవాటుతో అప్పుడే వెలికొండకు వస్తే చాలాచోట్ల రాయి కింద పొడి మట్టే కనిపిస్తుంది. ఇక్కడ వెతకాల్సింది కార్తీకంలో.

జెర్రి కనిపించినచోటల్లా చుక్క పెట్టే పటాల్లో, మా వెలికొండలున్న తూర్పు కనుమల వైపు చుక్కలు పలచగా ఉండటానికి ఈ రుతువుల తేడా కూడా ఒక కారణమని నా అనుమానం. పటం మీద చుక్క పడాలంటే ఎవరో ఒకరు సరైన నెలలో అక్కడ రాయి ఎత్తి ఉండాలి. ఖాళీగా ఉన్నచోట జెర్రి లేదనుకోవడానికి లేదు, మనిషి పోలేదేమో. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో జాహ్నవి జోషి బృందం చేస్తున్న పని ఈ ఖాళీల దృష్ట్యా నాకు ముఖ్యంగా తోస్తుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పరిశోధకుడు గ్రెగరీ ఎడ్జ్‌కోంబ్‌తో కలిసి ఆమె 2019లో ఎత్మోస్టిగ్మస్ అనే జెర్రుల ప్రజాతి వంశవృక్షాన్ని డీఎన్ఏ ఆధారంగా గీశారు. దక్షిణ భారతంలో ఈ జెర్రుల పుట్టిల్లు పశ్చిమ కనుమల వైపేననీ, తూర్పు కనుమలకు ఆ తర్వాతే వచ్చాయనీ అందులో తేలింది. ఎండిన దక్కను పీఠభూమి దాటడం ఇంత తడి కావాల్సిన ప్రాణికి చిన్న సంగతి కాదు. ఆ దారిలో ఎక్కడెక్కడ ఆగాయో తెలియాలంటే నల్లమల, శేషాచలం, వెలికొండల్లో ఇంకా చాలా రాళ్లు ఎత్తాలి.

అన్ని జెర్రులూ అంత సుకుమారం కావు. 1758లోనే లినేయస్ పేరు పెట్టిన స్కోలోపెండ్రా మోర్సిటాన్స్ ఉష్ణమండల దేశాల్లో చాలాచోట్ల ఉంది. సరుకుతో, మట్టితో, కలపతో మనుషులే దాన్ని కొన్నిచోట్లకు చేరవేశారని అంటారు. రేవు ఊరివాణ్ని కనుక ఆ మాట వినగానే మా బెర్తుల దగ్గర పేర్చిన దుంగలు గుర్తొస్తాయి. అక్కడ దేన్నైనా పొర్లించి చూడటానికి మాత్రం అనుమతి దొరకదు.

కొండ అంచు ఊళ్లవాళ్లకు ఏ అనుమతీ అక్కర్లేదు. చేలో రాయి జరిపినప్పుడు జెర్రి కనిపిస్తే చెప్పుతో కొట్టేముందు ఫోన్లో ఒక ఫొటో తీయండి. ఊరి పేరు, తేదీ, రాయి కిందా మొద్దు కిందా అన్నది రాసి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెట్టండి. కాళ్లు లెక్కపెట్టేలా పైనుంచి తీసిన ఫొటో అయితే ఇంకా మేలు.