కల్లూరు లెక్క

ప్రొద్దుటూరు అనగానే అందరూ బంగారం అంగళ్ల మాట ఎత్తుతారు. నన్నడిగితే ఆ ఊరి అసలు బంగారం అవధానం. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వెంకటశేషశాస్త్రి జంటగా ఆశువుగా పద్యాలు చెప్పిన నేల అది. ఆ పక్కనే కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ అంకెలతో అవధానం చేశారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్క బడిపాఠాలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నారని చెబుతారు. ఆరువేలకు పైగా గణితావధానాలు చేశారంటారు.

1966 డిసెంబరు 7న హైదరాబాదు సభలో రెండుకు 103వ ఘాతం ఎంత అని అడిగారు. శర్మగారి జవాబు: 10141204801825835211973625643008. మొత్తం 32 అంకెలు! ఇది ఎంత నిఖార్సైన జవాబో మీరే చూడండి. అంకెలన్నీ కూడితే 110. 9తో భాగిస్తే 2 మిగులుతుంది. రెండు ఘాతాలకు 9తో వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసి మెట్లకు మళ్లీ మొదటికొస్తాయి. 103ను ఆరుతో భాగిస్తే మిగిలేది ఒకటి, కాబట్టి ఇక్కడ రావలసిందీ 2నే. కాగితం మీద పూర్తిగా గుణించి చూసినా ఒక్క అంకె తేడా రాదు.

రెట్టింపు లెక్క మనకు పాతదే. చదరంగం 64 గడుల్లో గడిగడికీ రెట్టింపు చేస్తూ పోసిన గింజల మొత్తం 18446744073709551615ను కవి పావులూరి మల్లన ఏనాడో ఒకే పద్యంలో ఇమిడ్చాడు.

శర్మగారి సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలకు మెర్సెన్ అనే గణితజ్ఞుడి పేరు పెట్టారు. అలా రావాలంటే ఘాతాంకం కూడా ప్రధాన సంఖ్యే కావాలి, కానీ అదొక్కటే చాలదు. 103 ప్రధాన సంఖ్యే; అయినా ఇక్కడ వచ్చినదాన్ని 2550183799 నిశ్శేషంగా భాగిస్తుంది. నాలుగు మెట్లు పైకెక్కి 107 దగ్గర చూస్తే 33 అంకెల అచ్చమైన ప్రధాన సంఖ్య దొరుకుతుంది. దాన్ని పవర్స్ అనే ఆయన 1914లో తేల్చాడు. 2024లో కంప్యూటర్లు పట్టిన మెర్సెన్ ప్రధాన సంఖ్యకు నాలుగు కోట్లకు పైగా అంకెలున్నాయి. యంత్రాలకు దండం పెడతాను. కానీ పలకా బలపమూ లేకుండా 32 అంకెలు వరసగా పలికిన మనిషికి సాష్టాంగపడతాను.

ఇప్పుడు మెరుపు లెక్కల పేరుతో ఫీజులు దండుకునే తరగతులను చూస్తే ఒళ్లు మండుతుంది. పిల్లవాడు పదకొండుతో గుణకారం చిటికెలో చెబుతాడు. ఎందుకలా వస్తుందో అడిగితే నోరు పెగలదు. అది గణితం కాదు, అవధానం అంతకన్నా కాదు. శకుంతలాదేవి 1980లో లండన్‌లో మనసులోనే చేసిన గుణకారాన్ని దేశమంతా చెప్పుకుంటుంది, చెప్పుకోవలసిందే. 1997లో కన్నుమూసిన మా శర్మగారి పేరు జమ్మలమడుగు, పులివెందుల బడిపిల్లల్లో ఎందరికి తెలుసు?

శర్మగారి సభల కరపత్రాలు, ప్రశ్నలు రాసుకున్న నోటుబుక్కులు మీ ఇంటి అటకమీద ఉంటే చెదలకు వదిలేయకండి. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. అక్కడికి చేర్చండి.