స్ఫటికోపరితలపు గరుకుదనము: ఒక నమూనాపై విమర్శ

స్ఫటికము పెరుగునపుడు అణువులు వచ్చి చేరుటచే దాని ఉపరితలము ఎగుడుదిగుడగును. ఈ గరుకుదనము కాలముతో ఎట్లు హెచ్చునో కంప్యూటరుపై పరీక్షించుటకు కిమ్, కోస్టర్‌లిట్జ్ అను శాస్త్రజ్ఞులు 1989లో ఒక నమూనాను ప్రతిపాదించిరి. ఇరుగుపొరుగు గళ్ల ఎత్తులలో భేదము ఒకటిని మించరాదు; మించునేని ఆ అణువును చేరనీయరు. ఇదియే నియమము.

ఈ సరళతయే దాని బలము. ఒకే వరుసగా నున్న గళ్లపై గరుకుదనము మొదట కాలపు 1/3వ ఘాతము ననుసరించి పెరుగవలెనని 1986 నాటి కార్డార్, పారీసి, జాంగ్ సమీకరణము వలన తేలును. ఆ విలువను ఈ నమూనా స్పష్టముగా చూపినది.

అయితే గ్రంథకర్తలు అంతటితో నిలువక, విశాల తలముపై ఆ ఘాతము 1/4 అగునని ఊహించిరి. భిన్నము సొగసైనదే, నిరూపణ మాత్రము లేదు. 2011లో కెల్లింగ్, ఓడోర్ అనువారు అదే తెగకు చెందిన వేరొక నమూనాను మిక్కిలి పెద్ద జాలకముపై నడపగా సుమారు 0.2415 వచ్చినది. భేదము స్వల్పమైనను ఊహను సడలించుటకు చాలును.

మరియు నిజమైన స్ఫటికమున అణువులు ఉపరితలముపై ప్రాకి మెట్ల అంచులను చేరును; ఇచట ఆ చలనమే లేదు. కావున ఈ నమూనాను స్ఫటికమునకు ప్రతిబింబమనుట కంటె సిద్ధాంతమునకు ఒరగల్లు అనుట న్యాయము.