శాస్తి చేసేదెవరు?

హైదరాబాద్ మౌలాలిలో రైల్వే జోనల్ శిక్షణ సంస్థ ఉంది. స్టేషన్ మాస్టర్లు, గార్డులు పట్టాల మీది నియమాలు అక్కడ నేర్చుకుంటారు. కొద్ది కిలోమీటర్లు దాటితే చర్లపల్లి కేంద్ర కారాగారం. అక్కడ శిక్షణ, ఇక్కడ శిక్ష. రెండింటికీ ధాతువు ఒకటే, దాని అర్థం నేర్చుకోవడం. హిందీవాళ్లకు శిక్షా అంటే నేటికీ చదువే.

శాస్తి కథ ఇంకా లోతైనది. సంస్కృతంలో ‘శాస్’ అంటే ఆజ్ఞాపించడం, బోధించడం. శాసనం, శాస్త్రం, శిష్యుడు అందులోంచి పుట్టినవే. అంటే శాస్తి వెనక ఒక శాసనం ఉండాలి, చెప్పేవాడుండాలి, వినేవాడు మిగలాలి. తెలుగు నుడికారమూ ఇదే దారి పట్టింది. తిక్క కుదిరింది, రోగం కుదిరింది అంటాం. కుదరడమంటే నయం కావడం. మనిషి బాగుపడితేనే ఆ మాటకు అర్థం.

శీర్షికలు పెట్టే వృత్తిలో ఉన్నాను కనుక క్రియాపదాలను పట్టి చూస్తాను. శిక్ష వేస్తారు, శిక్ష పడుతుంది. శాస్తి చేయడమూ ఉంది కానీ, మన నోట ఎక్కువగా వినిపించేది ‘తగిన శాస్తి జరిగింది’. అలా అన్నప్పుడు చేసినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు. ‘తగిన’ అని తూచిందెవరో అడిగే అవసరమూ ఉండదు. ఈ మాట నన్ను భయపెట్టేది అక్కడే.

2019 నవంబరులో ‘దిశ’ అని మనం పిలుచుకున్న యువతిపై జరిగిన అత్యాచారం, హత్యలతో రాష్ట్రమంతా రగిలిపోయింది. ఆ కోపం న్యాయమైనది, నాకూ ఉంది. నిందితులు నలుగురినీ ఉంచింది ఈ చర్లపల్లి జైల్లోనే. డిసెంబరు 6 తెల్లవారుజామున, పోలీసులు వాళ్లను తీసుకెళ్లిన చటాన్‌పల్లి దగ్గర, పోలీసు కాల్పుల్లో నలుగురూ చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు. శాస్తి జరిగిందన్నారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది.

శాసనాన్ని అమలు చేయాల్సినవాళ్లే దాన్ని పక్కన పెట్టి కాలిస్తే, దాన్ని శాస్తి అనడానికి నాకు నోరు రాదు. దిశ కేసులో సాక్షులను విచారించి నేరాన్ని తేల్చే అవకాశమే కోర్టుకు లేకుండా పోయింది. ఆమెకు చెందాల్సిన తీర్పు ఇక ఎవరూ రాయలేరు.