గుండ్రంగా తిరిగిన పాట

క్యారల్ పుట్టింది ఆటలో. మధ్యయుగాల ఫ్రాన్సులో కరోల్ అంటే చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట. ఒకరు చరణం ఎత్తుకుంటే తక్కినవాళ్లు పల్లవి అందుకునేవారు. ఏ పండగకైనా ఇదే పాట. క్రిస్మస్ పాటగా స్థిరపడింది తర్వాతే. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ పశువుల తొట్టి, ఎద్దు, గాడిదలతో క్రీస్తు జననాన్ని జనం కళ్లకు కట్టించాడు. ఆయన బాటలో నడిచిన సన్యాసులు ఆ కథను జనభాషలో పాటగా ఊరూరా తిప్పారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో ప్యూరిటన్లు క్రిస్మస్ పండగనే నిషేధించినా పల్లెజనం పాట వదల్లేదు.

ఒకరు ఎత్తుకోవడం, పదిమంది అందుకోవడం, అందరూ గుండ్రంగా కదలడం రాయలసీమలో చెక్కభజన లక్షణాలు. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గురువు పాటకు తగ్గ అడుగు. అడుగు తప్పితే పాట తప్పినట్టే. అందుకే క్యారల్ ఈ నేలకు పరాయి పాట అనడం సరికాదు. ఆ పద్ధతి ఇక్కడ ముందునుంచే ఉంది.

తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) కూడా ఈ నేల పద్ధతినే పట్టాడు. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించకుండా, కర్ణాటక రాగతాళాల్లో పల్లవి, చరణాలతో వందకు పైగా క్రైస్తవ కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసే ఆచారం ఉంది. తెలుగు క్రైస్తవ సంగీతానికి అంతకన్నా విలువైన ఆస్తి లేదు.

రాయలసీమలోని బుక్కరాయసముద్రం కూడా పాటకు కొత్త ఊరు కాదు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యానికి ఆధారం ఈ ఊరి చెరువుకట్ట కథే. ఈ కరువు సీమలో శెనక్కాయ పంట ఇంటికి చేరాక, ఎరువు కోసం బీడుపడిన చేలల్లో గొర్రెల మంద కట్టిస్తారు. రాత్రంతా కాపరి కంబళి కప్పుకుని మంద పక్కనే ఉంటాడు. లూకా సువార్తలో క్రీస్తు పుట్టాడన్న దేవదూత కబురు మొదట అందింది ఇలాంటి కాపరులకే. ఆ ఘట్టం ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

డిసెంబరులో ఊరి క్రైస్తవ సంఘం యువకులు కాగితం నక్షత్రం, డోలక్, కంజీరలతో రాత్రివేళ ఇల్లిల్లూ తిరుగుతారు. గడప ముందు ఒక పాట, చిన్న ప్రార్థన, వేడివేడి టీ, ఆపైన పక్కిల్లు. నెల నడుమ ధనుర్మాసం వస్తుంది. రాత్రి క్యారల్ నడిచిన వీధిలోనే తెల్లవారుజామున హరిదాసు చిడతలు మోగుతాయి.

ఇప్పుడు కీబోర్డులో ముందే నింపిన తాళం డోలక్ చోటుకు వస్తోంది. దానితో పాత కీర్తనల నడక మారిపోతోంది. రాగం తెలిసిన పెద్దలు సంఘంలో ఉంటే, ఈ డిసెంబరులోనే వాళ్ల చేత పాడించి ఫోన్లో రికార్డు చేసి దాచండి.